చెరకు మైదానం మీదుగా కోకో కొండకు: ట్రినిడాడ్‌లో ఒక రోడ్డు ప్రయాణం

ట్రినిడాడ్ దీవి ఉత్తరపు కొండల్లో, అరీమా లోయ పైభాగాన, సముద్రమట్టానికి సుమారు 360 మీటర్ల ఎత్తున స్ప్రింగ్ హిల్ అనే పాత కోకో, కాఫీ తోట ఉంది. ఆ తోటలో చాలా భాగం ఇప్పుడు మళ్ళీ అడవి అయిపోయింది. తోట యజమానుల బంగళా మాత్రం నిలిచి, ఆసా రైట్ ప్రకృతి కేంద్రం అనే పేరుతో, పక్షులను చూడడానికి వచ్చేవారికి వసతిగృహంగా మారింది. 2019 ఆరంభంలో, అక్కడ వానలు తగ్గిన కాలంలో, అమెరికాలో ఉంటున్న మా అమ్మాయి, అల్లుడు నన్నూ మావారినీ అక్కడికి తీసుకువెళ్ళారు. పియార్కో విమానాశ్రయంలో దిగిన యాత్రికులు చాలామంది తూర్పున ఉన్న అరీమా ఊరు చేరుకొని, అక్కడి నుంచి నేరుగా కొండెక్కి, పక్షులను చూసుకొని, అదే దారిన తిరిగి వెళ్ళిపోతారు. మేము ముందుగా దక్షిణాన ఉన్న పాత చెరకు మైదానంలోకి వెళ్ళి, అక్కడి ఊళ్ళు చూసి, ఆ తరువాత కొండెక్కాము. ఆ వరుసలో వెళ్ళడం వల్లనే ఆ అడవి నాకు అర్థమైందని గట్టిగా నమ్ముతున్నాను కాబట్టి, అటు వెళ్ళబోయే తెలుగువారి కోసం ఈ ప్రయాణాన్ని వివరంగా రాస్తున్నాను.

నేను తిరుపతిలో చాలా కాలం వృక్షశాస్త్రం బోధించాను. మావారు చిత్తూరు దగ్గర మామిడి, చెరకు పండించే రైతు కుటుంబంలో పుట్టారు. అందువల్ల మా ఇద్దరికీ తోట అంటే ముందుగా గుర్తుకు వచ్చేది నీడా, అందమూ కాదు. నీళ్ళు, ఎరువు, కూలి, కోత, ధర. ఆ కళ్ళతోనే ఈ దీవిని చూశామని ముందే చెప్పడం న్యాయం.

ట్రినిడాడ్ విస్తీర్ణం దాదాపు 4,800 చదరపు కిలోమీటర్లు, అంటే మా ఉమ్మడి చిత్తూరు జిల్లాలో మూడో వంతు కన్నా కొంచెం తక్కువ. వెనిజువెలా తీరానికి అత్యంత సమీపమైన చోట దీని దూరం పదకొండు కిలోమీటర్లే. గత హిమయుగం ముగిసి సముద్రమట్టం పెరిగేవరకు ఇది దక్షిణ అమెరికా ఖండంలో భాగంగానే ఉండేది. దీని ఉత్తరపు కొండలు వెనిజువెలా తీరపు పర్వత శ్రేణికి కొనసాగింపు. ఇతర కరీబియన్ దీవులలో కనిపించని పక్షులు, జంతువులు, చెట్లు ఇక్కడ అన్ని రకాలుగా ఉండడానికి అసలు కారణం ఇదే. చిన్న దీవి కదా, ఒక పూటలో చుట్టి రావచ్చునని అనుకొని వెళ్ళేవారు కొండదారులను లెక్కలోకి తీసుకోవాలి. అక్కడ కిలోమీటర్లను బట్టి కాక, మలుపులను బట్టి సమయం వేసుకోవాలి.

అక్కడ కూడా మనలాగే రోడ్డుకు ఎడమవైపు నడుపుతారు. అమెరికాలో కుడివైపు నడపడానికి అలవాటుపడిన మా అల్లుడు కొండదారి గురించి ఆలోచించి, డ్రైవరుతో సహా కారు మాట్లాడాడు. వచ్చిన డ్రైవరు చగువానస్ ఊరివాడు, యాభై దాటిన మనిషి. మమ్మల్ని చూడగానే ఏ ఊరని అడిగాడు. తిరుపతి అని చెప్పి, అర్థం కాదేమోనని మద్రాసుకు దగ్గర అని మావారు కలిపారు. ఆయన స్టీరింగు మీద చేతులు అలాగే ఉంచి వెనక్కి తిరిగి, తన తల్లి తరఫు పెద్దలు మద్రాసు నుంచి వచ్చారని, వాళ్ళ ఇంట్లో ఆ ఒక్క మాట తప్ప ఊరి పేరు గానీ, భాష పేరు గానీ మిగలలేదని చెప్పాడు. ఆయనకు హిందీ పాటలు వచ్చు, భోజ్‌పురి మాటలు కొన్ని వచ్చు. వాళ్ళ అమ్మమ్మ మాట్లాడిన భాష తమిళమో తెలుగో తెలియదు.

చగువానస్ దాటి కారపిచైమా అనే ఊరికి చేరేసరికి చెట్ల పైనుంచి హనుమంతుడి విగ్రహం కనిపించింది. 85 అడుగుల ఎత్తున నిలబడిన ఆ విగ్రహం మైసూరు గణపతి సచ్చిదానంద స్వామివారి ఆశ్రమానికి చెందిన దత్తాత్రేయ మందిరం ఆవరణలో ఉంది. 2003లో ప్రతిష్ఠ జరిగింది. మందిరం పూర్తిగా ద్రావిడ శైలిలో, గోపురంతో, స్తంభాలతో ఉండడం వల్ల మాకు ఊరికి వచ్చినట్లే అనిపించింది. అయితే నా మనసును అంతకన్నా ఎక్కువగా పట్టుకున్నది ఆ పక్కనే, వాటర్లూ అనే చోట, సముద్రంలో కట్టిన చిన్న గుడి.

సేవ్‌దాస్ సాధు అనే చెరకు తోట కూలీ 1947లో తీరం వెంబడి ఒక గుడి కట్టుకున్నాడు. ఆ నేల చక్కెర కంపెనీది. 1952లో గుడిని కూలగొట్టి, ఆయనను జైలులో పెట్టారు. నేల కంపెనీదైతే సముద్రం ఎవరి సొత్తూ కాదు కదా అనుకొని, జైలు నుంచి వచ్చాక ఆయన సముద్రంలోకి రాళ్ళు, సిమెంటు మోసి పోయడం మొదలుపెట్టాడు. ఒక సైకిలు, రెండు బకెట్లు ఆయన సాధనాలు. అలలు కోసుకుపోయేది కోసుకుపోగా, మళ్ళీ పోస్తూ, ఏళ్ళ తరబడి ఒంటరిగా ఆ పని చేశాడు. ఆయన పోయిన తరువాత శిథిలమైన గుడిని, భారతీయులు ఆ దీవికి వచ్చి 150 ఏళ్ళు నిండిన సందర్భంగా, 1990ల మధ్యలో ప్రభుత్వం పునర్నిర్మించింది. ఇప్పుడు ఒడ్డు నుంచి గుడి వరకు రాతికట్ట మీద నడిచి వెళ్ళవచ్చు. ఆటు సమయంలో వెళితే చుట్టూ బురద తేలి ఉంటుంది, ఆ బురదలో కొంగలు మేస్తుంటాయి. పక్కనే శ్మశానం, చితులు కాల్చే ఘట్టం. తిరుమలలో నిత్యం వేల మంది కదలాడే గుడిని చూసి పెరిగినదాన్ని కాబట్టి, ఒక్క మనిషి చేతులతో లేచిన ఆ చిన్న మందిరం ముందు నిలబడినప్పుడు నాకు కలిగిన గౌరవం మాటల్లో పెట్టడం కష్టం. దీవిలో చూడవలసిన చోట్లలో దీనినే మొదటిదిగా చెబుతాను.

అక్కడి నుంచి తిరిగి వచ్చే దారిలో రెండు పక్కలా పెద్ద పెద్ద చదును పొలాలు కనిపించాయి. కొన్నింటిలో కూరగాయలు, కొన్నింటిలో ఇళ్ళు, చాలా వాటిలో గడ్డి. ఇవన్నీ చెరకు పొలాలేనని, ప్రభుత్వ చక్కెర కంపెనీ అయిన కరోని సంస్థ 2003లో చెరకు పనులు ఆపేసినప్పుడు వేలాది కుటుంబాల జీతాలు ఒక్కసారిగా ఆగిపోయాయని డ్రైవరు చెప్పాడు. తరువాత మాజీ కార్మికులకు రెండేసి ఎకరాల చొప్పున సాగుభూమిని లీజుకు ఇచ్చారట. అప్పటినుంచి మావారికీ ఆయనకూ మాటలు ఆగలేదు. కార్శి పంట (కోసిన మోళ్ళ నుంచి మళ్ళీ పెరిగే చెరకు) ఎన్నేళ్ళు ఉంచేవారు, గానుగ సమయంలో రాత్రిళ్ళు పని ఎలా జరిగేది, చెరకు తగలబెట్టి కోస్తే బరువు తగ్గదా, కోసిన చెరకు ఎండలో నిలిస్తే నష్టం ఎవరిది అని మావారు అడగడం, ఆయన ఓపికగా చెప్పడం. మా జిల్లాలోనూ సహకార చక్కెర కర్మాగారాలు మూతపడ్డాయి. చిత్తూరు చుట్టుపక్కల రైతులు బెల్లం వండుకొని నిలదొక్కుకున్నారు. బెల్లం వండే ఆనవాయితీ అక్కడ మా చిత్తూరులోలాగా నిలబడలేదని తెలిసి మావారు చాలా బాధపడ్డారు.

ఈ మైదానపు చరిత్రను కొంచెమైనా చెప్పకుండా కొండ గురించి రాయలేను. బ్రిటిష్ వలసల్లో బానిసత్వాన్ని 1834లో రద్దు చేసి, మరో నాలుగేళ్ళు అప్రెంటిస్ పేరుతో పని చేయించి, 1838లో పూర్తిగా విడిచిపెట్టారు. విడుదలైన ఆఫ్రికన్ కూలీలు అవే తోటల్లో అవే షరతులకు పనిచేయడానికి ఒప్పుకోలేదు. ఆ ఖాళీని నింపడానికి భారతదేశం నుంచి ఐదేళ్ళ ఒప్పందం మీద కూలీలను తెచ్చారు. మొదటి ఓడ ఫతేల్ రజాక్ 1845 మే 30న ట్రినిడాడ్ చేరింది. ఆ రోజు ఇప్పుడు దేశమంతటా సెలవుదినం. 1917 వరకు లక్షా నలభై వేలకు పైగా మనుషులు ఇలా వచ్చారు. వారిలో అత్యధికులు కలకత్తా రేవు నుంచి బయలుదేరిన బీహారు, తూర్పు ఉత్తరప్రదేశ్ వారు. మద్రాసు రేవు నుంచి వచ్చినవారు తక్కువ. వారిలో తమిళులు, తెలుగువారు కలిసి ఉన్నారు, అందరినీ కలిపి అక్కడ మదరాసీలన్నారు. మదరాసీల గుళ్ళలో మారియమ్మ కొలువు, నిప్పుల మీద నడవడం వంటి ఆచారాలు తరాల పాటు నిలిచాయి.

1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేవరకు మా ప్రాంతం ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది, ఆ జిల్లాకు ముఖ్యపట్టణం చిత్తూరే. తిరుపతి అప్పటి చంద్రగిరి తాలూకాలోని ఊరు. 1876-78 నాటి మహా కరువు ఈ జిల్లాను కుంగదీసింది. మద్రాసు నుంచి దక్షిణాఫ్రికాలోని నటాల్‌కూ, ఫిజీకీ వెళ్ళిన ఒప్పంద కూలీలలో ఉత్తర ఆర్కాటువారు పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఓడ ఎక్కే ప్రతి మనిషికీ ఒక పత్రం రాసేవారు: పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఎత్తు, ఒంటిమీది గుర్తులు, జిల్లా, తాలూకా, ఊరు. ఈ సంగతి చెప్పగానే డ్రైవరు కారును రోడ్డు పక్కకు తీసి ఆపాడు. తన పెద్దల ఊరి పేరు ఎక్కడో కాగితం మీద ఉండి ఉండవచ్చునన్న ఆలోచన ఆయనకు అప్పటివరకు రాలేదు.

ఉత్తరానికి తిరిగి వచ్చే దారి గురించి ఎక్కువ రాయనక్కరలేదు. పెద్ద రహదారి, వాహనాల రద్దీ, ఎడమవైపు దూరంగా ఎర్ర ఐబిస్ కొంగలకు పేరుపొందిన కరోని చిత్తడి అడవులు. రోడ్డు పక్క బండి దగ్గర డబుల్స్ తిన్నాము. పసుపు కలిపిన పిండితో చేసిన రెండు మెత్తని వేపుడు రొట్టెల మధ్య ఉడికిన శనగల కూర పెట్టి కాగితంలో చుట్టి ఇస్తారు. శాకాహారులకు ఆ దీవిలో భోజనం గురించి బెంగ పెట్టుకోవలసిన పని లేదు. కారం మాత్రం అడిగినంతే వేయించుకోవాలి. మన గుంటూరు మిరపకు అలవాటుపడిన నాలుక కూడా అక్కడి మిరపకు తట్టుకోలేదు.

అరీమా ఊరు దాటగానే బ్లాంషిసూస్ రోడ్డు మొదలవుతుంది. ఇదే అసలు కొండదారి. తిరుమలకు 1944లో మొదటి ఘాట్ రోడ్డు, 1974లో రెండోది వచ్చాక, ఎక్కే బండి ఒక దారిన, దిగే బండి ఒక దారిన పోతాయి. ఎదురుగా వచ్చే వాహనం భయం మనకు లేదు. ఇక్కడ ఒకే ఒక సన్నని దారి, రెండు వైపుల రాకపోకలూ దానిమీదే. ప్రతి గుడ్డి మలుపులోనూ హారన్ కొట్టి, ఒక క్షణం విని, అప్పుడు ముందుకు కదలాలి. కొన్నిచోట్ల వానాకాలంలో అంచు విరిగిపడి సగం రోడ్డే మిగిలింది. వెదురు పొదలు పైనుంచి వంగి సొరంగంలా మూసుకుపోయాయి; లోపల చెట్టంత ఎత్తు పెరిగిన ఫెర్నులు, ఎర్రని హెలికోనియా పూలు. శేషాచలం పొడి అడవి. ఎండాకాలం ఆకు రాల్చి రాయి కనిపించేలా నిలబడుతుంది. ఎర్రచందనం అలాంటి రాతినేలలోనే గట్టిపడుతుంది. ఈ కొండల్లో ఆకు రాలే కాలమంటూ ప్రత్యేకంగా ఉండదు, కొమ్మకొమ్మకూ నాచు, ఆ నాచులో మళ్ళీ మొక్కలు. పైకి వెళ్ళేకొద్దీ అమ్మాయి కారు కిటికీ అద్దం దించి, ఏ.సీ. ఆపించింది, చల్లని తడిగాలి లోపలికి వచ్చింది. ఈ దారిలో చీకటి పడ్డాక ప్రయాణం పెట్టుకోవద్దని, మధ్యాహ్నం మూడు గంటలలోపే అరీమా దాటాలని గట్టిగా చెబుతాను.

దారిలో ఒక చిన్న రైతు కోకో ఆరబెట్టే చోట ఆగాము. కింద చెక్క అటక, దానిమీద గింజలు, పైన పట్టాల మీద జరిగే రేకు కప్పు. చినుకు పడితే కప్పును లాగి మూస్తారు, ఎండ కాస్తే వెనక్కి నెడతారు. కాయ కోసి పగలగొట్టి, తెల్లని గుజ్జుతో సహా గింజలను చెక్క పెట్టెల్లో పోసి, అరటాకులు కప్పి, మధ్యమధ్య తిరగేస్తూ ఆరేడు రోజులు పులియబెడతారు. చాక్లెట్టు వాసనకు బీజం పడేది ఆ పులుపులోనే. పులియని గింజను ఎంత వేయించినా ఆ రుచి రాదు. తరువాత ఎండలో ఆరబెడతారు. ఒకప్పుడు ఆరిన గింజల మీద కొంచెం నీళ్ళు చల్లి కూలీలు వట్టి కాళ్ళతో తొక్కి మెరుగు పెట్టేవారు. దానిని కోకో నాట్యమని యాత్రికులకు చూపిస్తున్నారు. చూసేవారికి ముచ్చటగానే ఉంటుంది. రోజంతా ఎండలో గింజలు తొక్కిన మనిషికి అది కూలి పనే.

కోకో చెట్టు గురించి పాఠం చెప్పడం వేరు, ఆ నీడలో నిలబడడం వేరు. మన రాష్ట్రంలోనూ ఏలూరు, గోదావరి జిల్లాల కొబ్బరి తోటల్లో కోకో విస్తారంగా ఉంది. దేశంలో ఎక్కువ కోకో పండించేది ఆంధ్రప్రదేశే. అక్కడ వరుసలు తీర్చి, కొమ్మలు కత్తిరించిన చెట్లు చూశాను. ఇక్కడ చూసినవి వదిలేసిన చెట్లు. కాండం మీదే నేరుగా గోరంత తెల్లని పూలు, ఆ పక్కనే పసుపు, ఎరుపు, ఊదా రంగుల కాయలు వేలాడుతున్నాయి. ఆ పూలకు పరాగం చేరవేసేవి తేనెటీగలు కావు, కుళ్ళే ఆకుల్లో పెరిగే చిన్న ఈగలు. అందువల్లనే మరీ శుభ్రంగా ఊడ్చిన తోటలో కాపు తగ్గుతుంది. నీడ కోసం నాటిన ఇమోర్టెల్ చెట్లు కోకోను మించి పైకి లేచి, మేము వెళ్ళిన సమయానికి ఆకులు రాల్చి నారింజ రంగు పూలతో నిండి ఉన్నాయి. దూరం నుంచి కొండను చూసి, ఎక్కడెక్కడ ఆ రంగు కనిపిస్తే అక్కడ ఒకప్పుడు కోకో తోట ఉండేదని చెప్పవచ్చు. ఆ ఒక్క గుర్తు తెలిశాక, అంతవరకు అడవిగా చూసిన కొండ మొత్తం నాకు తోటల పటంగా మారింది.

ఈ తోటలు ఎలా పడ్డాయో చెప్పాలి. స్పెయిన్ వారు తెచ్చిన క్రియోల్లో రకం కోకో 1727 నాటి విపత్తులో దాదాపు నశించింది. కొన్ని దశాబ్దాల తరువాత ఖండం నుంచి ఫొరాస్టెరో రకం తెచ్చి నాటగా, మిగిలిన పాత చెట్లతో అది సంకరమై, రుచీ దృఢత్వమూ కలిసిన కొత్త రకం పుట్టింది. ట్రినిటారియో అని ప్రపంచమంతా పిలిచే రకం ఇదే. పందొమ్మిదో శతాబ్దిలో కోకో ధర పెరిగినప్పుడు భూస్వాములు ఉత్తర కొండల అడవిని ముక్కలుగా గుత్తకు ఇచ్చారు. గుత్తదారు తన కుటుంబంతో వచ్చి అడవి నరికి, కోకో నాటి, వరుసల మధ్య మొక్కజొన్న, అరటి, కర్రపెండలం వేసుకొని బతుకుతూ, సుమారు ఐదేళ్ళకు చెట్లు కాపుకు రాగానే చెట్టుకు ఇంత అని లెక్కకట్టి డబ్బు పుచ్చుకొని తోటను యజమానికి అప్పగించేవాడు. వెనిజువెలా నుంచి వచ్చిన స్పానిష్ మాట్లాడే కూలీలు, విడుదలైన ఆఫ్రికన్లు, ఒప్పందం ముగిసిన భారతీయులు ఈ పనిలో ఉన్నారు. అంటే చెరకు మైదానంలో గడువు తీరిన మనిషి కొండెక్కి కోకో నాటాడు. నేను పైన చెప్పిన వరుసలో ప్రయాణించమనడానికి కారణం ఇదే. ఆ మనిషి వెళ్ళిన దారి కూడా అదే.

ఇరవయ్యో శతాబ్ది మొదటి రెండు దశాబ్దాల్లో ట్రినిడాడ్ కోకో ప్రపంచ సంతలో పెద్ద స్థానంలో ఉండేది. తరువాత పశ్చిమ ఆఫ్రికా కోకో ముంచెత్తి ధరలు పడిపోయాయి. 1928లో విచెస్ బ్రూమ్ అనే శిలీంధ్ర తెగులు కనిపించింది. చిగుళ్ళు చీపురు కట్టల్లా గుబురుకట్టి కాపు ఆగిపోయేది. కూలీ కూడా గిట్టక ఎస్టేటు వెంట ఎస్టేటును వదిలేశారు. వదిలిన చోట అడవి వచ్చింది. ఈ మొత్తం వృత్తాంతంలో ఒక మంచి సంగతి ఏమిటంటే, తెగులును తట్టుకునే రకాలు వెతికే ప్రయత్నంలో శాస్త్రవేత్తలు అమెజాన్ ప్రాంతమంతా తిరిగి సేకరించిన కోకో రకాలు ఇప్పటికీ ఆ దీవిలోని వెస్టిండీస్ విశ్వవిద్యాలయం అంతర్జాతీయ కోకో జన్యు నిధిలో సజీవంగా పెరుగుతున్నాయి. దాదాపు 2,400 రకాలు! దానిని చూడడానికి ముందుగా అనుమతి తీసుకుంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

బంగళా విషయానికి వస్తాను. ఐస్‌లాండ్‌లో పుట్టిన ఆసా రైట్ తన భర్తతో కలిసి 1940లలో స్ప్రింగ్ హిల్ ఎస్టేటు కొన్నది. కొంతదూరం కిందికి, అదే లోయలో, అమెరికన్ ప్రకృతి శాస్త్రవేత్త విలియం బీబ్ మన సిమ్లా పేరుతో ఉన్న ఇంట్లో పరిశోధన కేంద్రం నెలకొల్పాడు. అక్కడికి వచ్చే శాస్త్రవేత్తలకు ఆసా రైట్ తన ఇంట్లో గదులు ఇవ్వసాగింది. భర్త పోయిన తరువాత తోటను ఎవరికో అమ్మి ముక్కలు చేయకుండా, 1967లో దానిని ఒక ట్రస్టుకు అప్పగించే ఏర్పాటు జరిగింది. అడవిని అలాగే ఉంచాలన్నది షరతు. ఆ తరహా ప్రకృతి కేంద్రాలు కరీబియన్‌లో లేని కాలంలో అది ఎంతో ముందుచూపు గల నిర్ణయం.

ఆ బంగళాలో అన్నిటికన్నా గొప్పది వెనుక వరండా. చెక్క నేల, వరుసగా కుర్చీలు, కింద లోయ మొత్తం విప్పుకొని ఉంటుంది. పళ్ళ ముక్కలు పెట్టిన బల్లల దగ్గరకూ, చక్కెర నీళ్ళ సీసాల దగ్గరకూ పక్షులు చేతికి అందేంత దగ్గరగా వస్తాయి. హమ్మింగ్‌బర్డ్ జాతులు అమెరికా ఖండాల్లో తప్ప మరెక్కడా లేవు; మన తేనెపిట్టలు పూర్తిగా వేరే కుటుంబం. గాలిలో ఒకేచోట నిలబడి, వెనక్కి కూడా ఎగిరే ఆ పక్షిని పుస్తకంలో బొమ్మగా చూపించి ఏళ్ళ తరబడి పాఠం చెప్పాను. నీలం తల, తెల్ల మెడ గల జాకొబిన్ అనే హమ్మింగ్‌బర్డ్ నా కళ్ళజోడుకు అడుగు దూరంలో నిలిచినప్పుడు నేను ఊపిరి బిగబట్టాను. నల్లని ఓరొపెండోలా పక్షులు మీటరు పొడవు గూళ్ళను చెట్టు కొమ్మలకు వేలాడదీశాయి. కింద ఆకుల్లో కుందేలంత అగూటి అనే ఎలుక జాతి జంతువు రాలిన పళ్ళు ఏరుకు తింటుంది. అడవి లోపలి నుంచి గడ్డపు గంటపిట్ట కూత, కొలిమి దగ్గర దాగలి మీద సమ్మెట పడినట్లుగా, ఉండి ఉండి వినిపిస్తూనే ఉంటుంది. ఆ పక్షి కనిపించడం అరుదు. మా గైడు చాలాసేపు తల ఎత్తి వెతికి, ఎత్తైన కొమ్మ మీద చూపించాడు. గొంతు కింద నల్లని తీగల్లాంటి గడ్డం స్పష్టంగా కనిపించింది.

అక్కడ బస చేసినవారిని చిన్న బృందంగా డన్‌స్టన్ గుహకు తీసుకువెళ్ళేవారు. సెలయేరు కొండను కోసుకుంటూ చేసిన ఆ చీలికలో నూనెపిట్టలు ఉంటాయి. రాత్రిపూట మాత్రమే ఎగిరి, పళ్ళు మాత్రమే తిని బతికే పక్షి ప్రపంచంలో ఇదొక్కటే. చీకటి గుహలో దారి తెలుసుకోవడానికి గబ్బిలంలా శబ్దం చేసి ప్రతిధ్వని వింటుంది. గబ్బిలం కేక మన చెవికి అందదు, దీని టకటక శబ్దం అందుతుంది. 1799లో జర్మన్ ప్రకృతి శాస్త్రవేత్త హంబోల్ట్ వెనిజువెలాలోని కరిపే గుహలో దీనిని చూసి లోకానికి తెలియజేశాడు. పిల్లలు తల్లిదండ్రుల కన్నా బరువెక్కుతాయి; ఒకప్పుడు మనుషులు వాటిని పట్టి కాచి నూనె తీసేవారు, పేరు అందుకే వచ్చింది. డేవిడ్ స్నో అనే శాస్త్రవేత్త 1950ల చివర ఈ లోయలోనే ఈ పక్షుల జీవితాన్ని ఏళ్ళ తరబడి గమనించాడు. తడి మెట్లు, జారే రాళ్ళు. మోకాళ్ళ నొప్పులున్నవారు చేతికర్ర తీసుకువెళ్ళాలి. గైడు టార్చిని పక్షుల కళ్ళలో పడకుండా గోడ మీదికి తిప్పి, కొద్ది క్షణాలు చూపించి ఆర్పేశాడు. లోపల అరుపులు భయం పుట్టించేంత బిగ్గరగా ఉన్నాయి. వెనక్కి వచ్చేటప్పుడు ఆయన దారి పొడవునా తాటి, లారెల్ జాతి విత్తనాలు చూపించాడు. నూనెపిట్టలు మింగి, మైళ్ళ దూరం మోసుకువెళ్ళి, కక్కి పడేసిన విత్తనాలు అవి. వదిలేసిన తోటలు మళ్ళీ అడవి కావడానికి నాటిన చేతుల్లో ఈ పక్షి కూడా ఉంది.

గదులు సాదావి, టీవీలు లేవు, భోజనం ఇంటి భోజనంలా ఉంది. చేమాకులతో వండిన కలలూ అనే పులుసు నాకు బాగా నచ్చింది. ఇవన్నీ ఎలా ఉన్నా, ఆ చోటును నిలబెట్టినది అక్కడి గైడులే. అందరూ చుట్టుపక్కల లోయ ఊళ్ళవారే. తాతలు కోకో కోసిన నేల మీద మనవళ్ళు అప్పట్లో పక్షుల పేర్లు చెప్పి జీతం తీసుకునేవారు. మా శేషాచలం 2010లో జీవావరణ రిజర్వుగా ప్రకటితమైంది. తలకోనలో అడవి అంచు గ్రామాలవారు వన సంరక్షణ సమితుల ద్వారా యాత్రికులకు దారి చూపుతున్నారు. అయినా తిరుపతికి వచ్చే అన్ని లక్షల మందిలో ఆ కొండల్లో ఏ పిట్ట ఉందో, ఏ చెట్టు ఉందో చూడాలని ఆగేవారు బహు తక్కువ. వారి కోసం అలాంటి ఒక వరండా, చదువుకున్న స్థానిక గైడులు, పరిమిత సంఖ్యలో అనుమతులు మన దగ్గర తప్పక సాధ్యమని నా నమ్మకం.

తిరుగు ప్రయాణం అరీమాకు దిగకుండా ముందుకే సాగాము. అదే రోడ్డు కొండ శిఖరం దాటి ఉత్తర తీరంలోని బ్లాంషిసూస్ పల్లెకు దిగుతుంది. అక్కడి నుంచి సముద్రం పక్కగా లాస్ క్వేవాస్, మరాకస్ తీరాల మీదుగా మళ్ళీ కొండెక్కి, రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్ చేరుకుంటుంది. దారి అందమైనదే, కానీ ఆదివారం వద్దు. నగరవాసులంతా మరాకస్ తీరానికే వస్తారు.

కోవిడ్ కాలంలో యాత్రికులు రాక ఆ బంగళా వసతిగృహాన్ని మూసివేశారు, పనివారిని తొలగించారు. ఆ వార్త చదివినప్పుడు నాకు ముందుగా గుహలో టార్చి పట్టిన ఆ మనిషే గుర్తుకు వచ్చాడు. వెళ్ళదలచినవారు అక్కడ బస దొరుకుతున్నదీ లేనిదీ ముందే కనుక్కోవాలి. బస లేకపోయినా ఆ లోయకు వెళ్ళాలి, అక్కడి ఊళ్ళ గైడునే పెట్టుకోవాలి.

మా డ్రైవరు ఇప్పటికీ అమ్మాయికి అప్పుడప్పుడు సందేశాలు పంపుతూ ఉంటాడు. ఒప్పంద కూలీల ఓడల రిజిస్టర్లు పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లోని జాతీయ పత్రాగారంలో ఉన్నాయి. ఆయన సెలవు రోజుల్లో అక్కడికి వెళ్ళి తల్లి తరఫు పెద్దల కోసం వెతుకుతున్నాడు. పేర్లు రాసిన గుమాస్తా చెవికి విన్నట్లు రాసుకున్నందువల్ల ఒకే పేరు నాలుగు రకాలుగా ఉంటున్నది. మదరాసు ఓడల జాబితాల నుంచి ఆయన పంపిన పేర్లను నేనూ మావారూ కూర్చొని చదివి, వాటిలో తెలుగు పేర్లు కాగలిగినవాటికి గుర్తు పెట్టి పంపాము. ఓడ పేరు, సంవత్సరం ఖాయమైతే ఎగ్మూరులోని తమిళనాడు పత్రాగారంలో మద్రాసు వైపు దస్తావేజులు చూడడానికి మేమిద్దరం వెళతామని ఆయనకు మాట ఇచ్చాము.